నిద్ర లేపే గిన్నె

"ఇది మాంసమా, బొమికల మూటా?"

తలుపు తీసిన పిల్ల మొదటి మాటే అది.

యెర్మెక్ మంచు బూట్లతో గుమ్మంలో నిలబడ్డాడు. చలికాలానికని కోసిన గుర్రాన్ని ఉప్పు పట్టించి, పొగబెట్టి, దగ్గరివాళ్ళకి వాటాలు పంచుతున్న రోజు. అతని చేతుల్లో ఉల్జాన్ అవ్వ వాటా ఉంది. తుంటి ముక్క. అన్న గొడ్డలి దెబ్బ వంకరగా పడడంతో ఎముక కాస్త ఎక్కువే వచ్చింది.

"అవ్వకి," అన్నాడు.

"మా అవ్వకి పళ్ళు లేవుగా."

"గౌరవం వాటా ఇది. ఏటేటా ఇస్తాం."

"గౌరవాన్ని నమిలేదెట్లా?"

యెర్మెక్ దగ్గర రోజుకి ఉండే మాటలు ట్రాక్టర్ స్టార్ట్ అయ్యేలోపే అయిపోతాయి. ఆ పిల్ల కళ్ళు నవ్వుతున్నాయో, వెక్కిరిస్తున్నాయో అతనికి తెలియలేదు. ఏదో ఒకటి అనాలి. అనేశాడు.

"అయితే కుక్కకి వెయ్యి."

కళ్ళలో నవ్వు ఆరిపోయింది. నవ్వేనన్న సంగతి అప్పుడు తెలిసింది అతనికి. ఆమె మాంసం అందుకుని తలుపు వేసేసింది.

రెండ్రోజుల తర్వాత అటు వెళ్తుంటే అవ్వగారి కుక్క గేటు దగ్గర పడుకుని ఏదో కొరుకుతోంది. యెర్మెక్ ఆగి చూశాడు. వంకరగా తెగిన తుంటి ఎముక. తనన్నట్టే చేసింది!

ఆ పిల్ల పేరు రౌషన్. అవ్వ కాలు విరిగితే చూసుకోవడానికి షిమ్‌కెంత్ పట్నం నుంచి వచ్చిన మనవరాలు. చలికాలమంతా ఇద్దరూ నీళ్ళ పంపు దగ్గర ఎదురుపడుతూనే ఉన్నారు. ఆమె బకెట్ వైపు చూసేది. అతను బూట్ల వైపు చూసేవాడు. మంచు దట్టంగా కురిసిన రోజుల్లో తెల్లారకముందే ట్రాక్టర్‌తో అవ్వ గేటు దాకా దారి తీసేవాడు. రౌషన్ వెళ్ళి ఊరి ఆఫీసు వాళ్ళకి థాంక్స్ చెప్పి వచ్చింది.

ఫిబ్రవరిలో బజారుకి స్పేర్ పార్టు కోసం వెళ్ళి, ఒక చేతి అద్దం, ఒక దువ్వెన కొనుక్కొచ్చాడు. ఎందుకు కొన్నాడో తనకే తెలియదు. ట్రాక్టర్ సామాన్ల పెట్టెలో, పానాల కింద దాచాడు.

ఇంతలో నౌరీజ్ పండగ వచ్చింది.

*

"లే మూగదొరా, లే! కొత్త సంవత్సరం వచ్చి కూర్చుంది, నువ్వింకా పోయినేడాదిలోనే గురక పెడుతున్నావు!"

దామెలి వదిన అరుపు అది. కోడలు అత్తింటివాళ్ళ పేర్లు పలకకూడదు. అందుకని కాపురానికొచ్చిన వారంలోనే అందరికీ పేర్లు పెట్టేసుకుంది. యెర్మెక్‌కి దక్కింది మూగదొర.

కళ్ళు నులుముకుని లేచేసరికి వదిన చేతిలో ఒక గిన్నె ఉంది. పైన ఎంబ్రాయిడరీ గుడ్డ. ఇంకా ఆవిరి వస్తోంది.

"కిటికీ గట్టు మీద పెట్టి పోయారెవరో. నిద్ర లేపే గిన్నె!"

యెర్మెక్‌కి నిజంగానే నిద్ర ఎగిరిపోయింది.

నౌరీజ్ పొద్దున ఆడపిల్ల తనకి నచ్చినవాడికి ఆ గిన్నె పెడుతుంది. పోయినేడాది దాచిన మాంసంలో చివరి ముక్క, ఈ ఏడు ఈనిన ఆవు జున్నుపాలు, రెండూ కలిపి వండుతుంది. అందుకున్నవాడికి మనసుంటే అద్దమూ దువ్వెనా ఇస్తాడు. యెర్మెక్ వాళ్ళమ్మ నాన్నకి పెట్టింది. వదిన అన్నకి పెట్టింది. ఎటొచ్చీ, పెట్టిన పిల్ల ఎవరో నాన్నకీ అన్నకీ ముందే తెలుసు.

"ఎవరు?" అన్నాడు యెర్మెక్.

"నన్నడుగుతావేం? గిన్నెనడుగు."

"ఎవరికని పెట్టారు అసలు?" మూలనుంచి సేయిత్ తాత దగ్గాడు. "ఈ ఇంట్లో పెళ్ళాం లేని మగాళ్ళం ఇద్దరం ఉన్నాం."

"తాతా!"

"నేనేం ముసలాడినా? టోపీ పెట్టుకుంటే ఇప్పటికీ..."

"టోపీ తీస్తేనే తాతయ్యా గొడవ," అని వదిన చెంచా యెర్మెక్ చేతికిచ్చింది. "సరిగ్గా విను. పొద్దు గూకేలోగా బదులివ్వకపోతే వద్దన్నట్టే. ఆ పిల్ల ఊళ్ళో తలెత్తుకోలేదు. తప్పు పిల్లకిచ్చావో, సాయంత్రానికి వాళ్ళ నాన్న పెళ్ళి మాటలకి వచ్చి కూర్చుంటాడు. మళ్ళీ వెనక్కి తీసుకోవడం కుదరదు."

యెర్మెక్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. వెచ్చగా, చిక్కగా, పొగ వాసనతో దిగింది. ఏదో తెలిసిన రుచి. ఎక్కడిదో అందలేదు.

రౌషన్ అయితే ఎంత బావుణ్ణు అనుకున్నాడు. వెంటనే కుక్క గుర్తొచ్చింది. పైగా ఆమె రేపటి బస్సుకి వెళ్ళిపోతోందని పంపు దగ్గర విన్నాడు. వెళ్ళిపోయే పిల్ల గిన్నె ఎందుకు పెడుతుంది?

మరి ఎవరు? జున్నుపాలు కావాలంటే ఆవు ఈనాలి. ఈ వారం ఊళ్ళో ఈనింది ఒక్క జెయ్నెప్ వాళ్ళ ఎర్రావే. ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళి, పానాల కింద నుంచి అద్దం, దువ్వెన తీసి కోటు లోపల పెట్టుకున్నాడు. ఇవ్వడానికి కాదు. ఉంటే మంచిదని.

*

జెయ్నెప్ వాళ్ళింట్లో జనం కిటకిటలాడుతున్నారు. యెర్మెక్‌ని చూడగానే జెయ్నెప్ తల్లి ముఖం చేటంత అయింది.

"పిలవకుండా వచ్చేశావే నాయనా! కూర్చో, పైవరసలో కూర్చో!"

ఏడు దినుసుల పండగ జావ, కొజే, గిన్నె నిండా పోసింది. నూనెలో వేయించిన పిండి ఉండలు, బౌర్సాక్‌లు, ముందుకు నెట్టింది. తేనె పెట్టింది.

"మీ ఆవు... ఈనిందటగా," అన్నాడు యెర్మెక్.

"ఈనింది నాయనా! పెయ్యదూడ. అన్నీ జెయ్నెపే చూసుకుంటుంది. పాలు పితకడం, వెన్న తీయడం, అంట్లు తోమడం..."

"జున్నుపాలు బాగా ఇచ్చిందా?"

"ఇచ్చింది! జెయ్నెప్ చేత్తో పితికితే ఎందుకివ్వదు?"

పక్కన కూర్చున్న ముసలాయన తలూపాడు. ఇంకొకాయన ట్రాక్టర్ సొంతమా, అద్దెదా అని అడిగాడు. యెర్మెక్ మెడ మీద చెమట పట్టింది. నోటి నిండా బౌర్సాక్ కుక్కుకున్నాడు, జవాబు చెప్పే పని లేకుండా.

టీ పోసే వంకతో వచ్చిన జెయ్నెప్ అతన్ని కన్నుతోనే నడవలోకి లాక్కెళ్ళింది.

"ఏంటిది? మా ఆవు మీద నీకెందుకింత ప్రేమ?"

"గిన్నె... నువ్వా?"

"ఏ గిన్నె?" ఆమెకి అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను పెట్టింది తలగత్‌కి. గిన్నె మీద గుడ్డ తీయకముందే అద్దం ఇచ్చేశాడు. అమ్మకింకా చెప్పలేదు. నీలాగా ఆవుల్ని విచారించలేదు."

"మరి జున్నుపాలు మీవేగా?"

"మావే. అడిగిన పిల్లలందరికీ ఇచ్చాం."

"ఎవరెవరు అడిగారు?"

"ఆహా! చెప్పేస్తే ఇంక గిన్నె పెట్టడం దేనికి? పేరు రాసి పెట్టొచ్చుగా." అతని ముఖం చూసి కాస్త జాలి పడింది. "పాలు మావి. మాంసం మాది కాదు. వెళ్ళి మాంసాన్ని అడుగు. దొడ్డిదారిన పో, మా అమ్మ చూస్తే పెళ్ళి డేట్ పెట్టేస్తుంది."

*

ఇంటికొచ్చేసరికి సేయిత్ తాత గిన్నె వంచి ఆఖరి బొట్టు తాగుతున్నాడు.

"తాతా! అది నాది!"

"చల్లారిపోతోందిరా. పాపం పిల్ల కష్టపడి వండింది."

"ఇప్పుడు మాంసాన్ని ఎట్లా అడగాలి?"

"నన్నడుగు. దానికేం?" తాత మీసం తుడుచుకున్నాడు. "అది మన మాంసమేగా."

యెర్మెక్ ఖాళీ గిన్నె లాక్కుని వాసన చూశాడు.

పోయిన శరత్తులో గాలివానకి పెరట్లో యాపిల్ చెట్టు కూలింది. అన్న ఈసారి ఆ కట్టెతోనే పొగబెట్టాడు. ఊళ్ళో ఇంకెవరి మాంసానికీ ఆ తియ్యటి పొగ వాసన లేదు. పొద్దున చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు తెలిసినట్టనిపించింది అదే. వాళ్ళ ఇంటి రుచే.

అంటే వండింది ఇంట్లోవాళ్ళే!

"వదినా!" యెర్మెక్ వంటింట్లోకి దూసుకెళ్ళాడు. జీవితంలో అంత గట్టిగా అరవడం అదే మొదలు. "నన్ను ఆటపట్టించడానికి నువ్వే పెట్టావు కదూ?"

పిండి చేతులతో వదిన ఇటు తిరిగింది.

"నేనా?"

"మన మాంసమే. యాపిల్ పొగ. ఊరంతా తిరిగొచ్చాను. జెయ్నెప్ వాళ్ళమ్మ చేత తేనె కూడా తినిపించుకున్నాను!"

వదిన నవ్వబోయి, అతని ముఖం చూసి ఆపుకుంది.

"మూగదొరా, కూర్చో. మన మాంసం మనింట్లో ఎప్పుడయిపోయిందో తెలుసా? మంచు కరగకముందే. మీ తాత రోజూ ఉప్పు చూస్తానంటూ ఉట్టి దాకా వెళ్ళొచ్చేవాడు. ఇవాళ కొజేలోకి మా పుట్టింటి నుంచి తెచ్చాను. నమ్మకపోతే ఉట్టి చూసుకో."

చూశాడు. ఉట్టి ఖాళీ.

"మరి ఇంకెవరి దగ్గరుంటుంది?"

"ఎవరెవరికి వాటాలిచ్చామో వాళ్ళ దగ్గర. మీ పిన్నిగారింట్లో ఆడపిల్లల్లేరు. మాస్టారికి ఇద్దరూ కొడుకులే. ఇక మిగిలింది..." వదిన ఆగి, అతని వైపు చూసింది.

"అక్కడ కాదు," అన్నాడు యెర్మెక్. "వాళ్ళ కుక్కకి వేసేసింది. కళ్ళారా చూశాను."

"ఏం చూశావు?"

"ఎముక."

"ఎముక చూశావు," అంది వదిన, బడిపిల్లాడికి చెప్పినట్టు. "మాంసం చూశావా?"

యెర్మెక్ కోటు తడిమి చూసుకున్నాడు. అద్దం, దువ్వెన ఉన్నాయి. ఖాళీ గిన్నె తీసుకుని పరిగెత్తాడు.

*

చెరువవతల మైదానంలో ఆరు దుంగల ఉయ్యాల కట్టారు. చుట్టూ ఊరంతా ఉంది. మంచు కరిగి కాళ్ళ కింద బురద, దూరంగా కొండల మీద ఇంకా తెలుపు. పొద్దు వాటి వైపు దిగుతోంది.

రౌషన్ ఉయ్యాల మీద ఒక చివర నిలబడి ఉంది. ఎదురు చివర ఖాళీగా ఉంది. యెర్మెక్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎక్కాడు. బురద బూట్లు, చంకలో గిన్నె.

ఉయ్యాల కదిలింది. ఆమె అతని చంకలోని గిన్నె వైపు చూసి, చూపు కొండల మీదికి తిప్పేసింది.

"నువ్వేనా?" అన్నాడు.

"ఏమో. జెయ్నెప్ ఏమో. పొద్దున్నే వాళ్ళింటికెళ్ళావటగా. అద్దం ఇచ్చొచ్చావా?"

"ఇవ్వలేదు. ఆవుని అడగడానికి వెళ్ళాను."

"ఆవేమంది?"

"మాంసాన్ని అడగమంది."

రౌషన్ పెదవి బిగపట్టింది. ఉయ్యాల పైకి వెళ్ళి కిందికొచ్చింది.

"కుక్కకి వెయ్యమన్నావుగా," అంది మెల్లిగా.

"వేశావుగా."

"ఎముక వేశాను. మాంసం కోసి మళ్ళీ ఉప్పు రాసి అటక మీద వేలాడదీశాను. చలికాలమంతా మా అవ్వ అడుగుతూనే ఉంది, ఆ ముక్క ఎప్పుడు వండుతావే అని. నౌరీజ్‌కి, నౌరీజ్‌కి అంటూ ఆపాను. కాస్త తీసి మెత్తగా ఉడికించి పెట్టినా ఊరుకోలేదు."

"ఎందుకు దాచావు? నేనలా అన్నాక కూడా?"

"మొదట కోపంతో దాచాను. ఎప్పటికైనా మొహాన కొడదామని." ఆమె తాడు గట్టిగా పట్టుకుంది. "తర్వాత ఒకరోజు తెల్లారకముందే ట్రాక్టర్ చప్పుడుకి మెలకువొచ్చి కిటికీలోంచి చూశాను. దారి తీసేది ఊరి ఆఫీసు కాదని అప్పుడు తెలిసింది."

యెర్మెక్ ఒక చేత్తో తాడు వదిలాడు. కోటులో చెయ్యి పెట్టి అద్దం, దువ్వెన తీశాడు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. రెండూ గిన్నెలో పెట్టి చాచాడు. ఉయ్యాల ఊగుతోంది. ఇద్దరి చేతులూ రెండుసార్లు తప్పిపోయి మూడోసారికి కలిశాయి.

"ఎట్లా ఉంది వంట?" అంది గిన్నె గుండెకి ఆనించుకుని.

ఇప్పుడు అబద్ధం చెప్పడం సులువే. కానీ యెర్మెక్‌కి దానికీ మాటలు చాలవు.

"ఒక్క చెంచానే తిన్నాను. మిగతాది తాత తినేశాడు."

రౌషన్ నవ్వింది. ఆ రోజు గుమ్మంలో ఆరిపోయిన నవ్వు అదే. ఈసారి ఆరలేదు.

"చలికాలమంతా కాపలా కాసింది మీ తాత కోసమా? మళ్ళీ వండుదామంటే ముక్క మిగల్లేదు!"

"వచ్చే చలికాలం ఉంటుందిగా." యెర్మెక్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఈసారి వాటా మోసుకురాను. నువ్వే... మా ఉట్టి మీద నుంచి తీసుకో."

రౌషన్ గిన్నె చంకన పెట్టుకుంది. అద్దం పైకెత్తి జుట్టు సర్దుకున్నట్టు చూసుకుంది. అద్దంలో ఆమె భుజం వెనక దామెలి వదిన, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంటూ. పక్కన సేయిత్ తాత, కొత్త టోపీతో. కర్ర ఊతంతో ఉల్జాన్ అవ్వ. ముగ్గురూ చెవులు రిక్కించి ఉన్నారు.

"అయితే రేపటి బస్సు?" అడిగాడు యెర్మెక్.

"వెళ్తాను. అమ్మానాన్నలకి చెప్పాలిగా. ఆదివారం బస్సుకి వచ్చేస్తాను. బస్టాండు దాకా దారి తీసి ఉంచుతావా?"

"మంచు లేదుగా."

"బురద ఉందిగా."

ఉల్జాన్ అవ్వ కర్రతో నేల మీద కొట్టింది.

"ఏం మాట్లాడుకుంటున్నార్రా అంతసేపు? అటక మీది ముక్క ఈ ముసలాడికి పోసిందట నా మనవరాలు! నాకు దక్కింది కాస్తంతే!"

"మెత్తగా ఉడికిందిలే వదినా," అన్నాడు సేయిత్ తాత. "పళ్ళు లేకపోయినా దిగుతుంది."

అవ్వ అతని వైపు గుర్రుగా చూసింది. తర్వాత ఉయ్యాల వైపు చూసింది. కర్ర తాతకి పట్టుకొమ్మని ఇచ్చి, రెండు అరచేతులూ ఆకాశానికి తెరిచి దీవెన మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు చాచారు.

ఉయ్యాల మీద ఇద్దరి చేతులూ ఖాళీ లేవు.