అండాలమ్మ గొంగడి

రండి రండి, కాస్త దగ్గరికి జరగండి. ఫోన్లు పక్కన పెట్టండి, గుసగుసలు ఆపండి. ఏడుపొస్తే ఏడవండి గానీ మధ్యలో మాత్రం లేవకండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల కొట్టు పైగదిలో డిటెక్టివ్ కోటేశ్వరమ్మ ఉంటుంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో పోపు మాడితే ఆవిడ ఇక్కడ తుమ్ముతుందని అసిస్టెంటు సైదులు ఒట్టేసి చెబుతాడు.

ఆ పొద్దున మహిపాల్ అనే లారీ డ్రైవరు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"మేడమ్, నిన్న నా భార్య విజయశ్రీ సచ్చిపోయింది. మా అమ్మనే గొంగడి కప్పి ఊపిరాడకుండ చేసిందని మా బామ్మర్ది భిక్షపతి కేసు పెట్టిండు. ఇయ్యాల అమ్మను తీస్కపోతరంట."

ఎల్బీనగర్‌లో వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లేసరికి గొంగడిని పోలీసులు పట్టుకుపోయారు. మహిపాల్ తల్లి అండాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కోటేశ్వరమ్మ పక్కనే చతికిలబడింది.

"ఏం జరిగిందమ్మా?"

"బువ్వ తిన్నంక కోడలికి ఒంటినిండ దద్దుర్లు లేచినయి బిడ్డా. మా ఊర్ల లెక్కనే గొంగడితోని రుద్దిన. జర అణిగినయి. కక్కుకున్నది. గొంతు బొంగురువోయింది. 'అత్తమ్మా, నీ కొడుకు మాట్లాడినట్టు లేదా' అన్నది. ఇద్దరం నవ్వుకున్నం." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "కండ్లు తిరుగుతున్నయంటే పండుకోబెట్టి కప్పిన."

"ఏం తిన్నది?"

"పక్కింటి నాగేశ్వరి ఇచ్చిన వంకాయ కూర."

వెనక అంట్ల దగ్గర నాగేశ్వరి పేరు చెక్కిన స్టీలు గిన్నెను ఒక పిల్లి నాకుతోంది. సైదులు అదిలించాడు. పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. కోటేశ్వరమ్మ గిన్నెను వాసన చూసి, పోస్టుమార్టం చేసిన డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

మధ్యాహ్నం ఎస్సై ఎదుట అందరినీ ఆ ఇంటి వరండాలో కూర్చోబెట్టింది.

"వంకాయ కూర కోసం ఇంత ఆరాటపడే పిల్లిని నేనెక్కడా చూడలేదు. నాగేశ్వరిగారూ, ఏం వేశారు?"

నాగేశ్వరి ముఖం పాలిపోయింది. "ఎండురొయ్యల పొడండి. చిటికెడే. రొయ్యలు తింటే తనకి దద్దుర్లొస్తాయని విజయశ్రీ చెప్పింది... పొడే కదా, దురదే కదా అనుకున్నానండి."

"అండాలమ్మగారు కూడా అలాగే దద్దుర్లే కదా అనుకున్నారు. కానీ దద్దుర్లతో పాటు వాంతి, బొంగురు గొంతు, కళ్లు తిరగడం వచ్చాయంటే అది ఉత్త దురద కాదు. పైన అణిగినా లోపల గొంతు వాచిపోతోంది. అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. వెంటనే ఇంజెక్షన్ పడితే బతికేదేమో. గొంతులో ఆ వాపే ఉందని డాక్టరుగారు చెప్పారు. అదిమిన గుర్తు ఒక్కటీ లేదట. చంపినవాళ్లెవరూ లేరు ఎస్సైగారూ."

భిక్షపతి వచ్చి అండాలమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది అత్తమ్మా."

ఆమె అతన్ని చూడలేదు. కోటేశ్వరమ్మనే చూస్తోంది.

"అంటే... మేం నవ్వుకున్నప్పుడే దాని పానం పోతున్నదా బిడ్డా?"

ఎంత చిక్కు ప్రశ్నకైనా జవాబుండే కోటేశ్వరమ్మ తల వంచుకుని, అండాలమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. సైదులు ఆవిడను అలా చూడడం అదే మొదలు.

గేటు దగ్గర తొంగిచూస్తున్న ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఎస్సై సారూ, గా పిల్లిని సాక్షి కింద రాసుకుంటే దానికి ఆధార్ కార్డు గావాల్నా?"