అలసట కుట్టిన బొంత

మిట్టమధ్యాహ్నం... ప్రచండ భాస్కరుడు నడినెత్తిన నిప్పులు చెరుగుతున్న వేళ! వేసవిలో ఆ పూట బయట పని నిషేధం గనుక, ఎడారి దేశంలోని బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో కూలీలంతా గదుల్లో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నారు. దయ్యాలకు మాత్రం అదే డ్యూటీ టైము కాబోలు.

హోరుమంటున్న ధూళిగాలిలో... భూమేష్ ఒక్కడే గొయ్యి తవ్వుతున్నాడు. నిద్ర లేదు, తిండి లేదు, కనురెప్ప పడటం లేదు. క్యాంప్ బాస్ గురుప్రసాద్ వాడి మీద ప్రయోగించిన చేతబడి అది. వాడి మేనమామ లింబాద్రి ఇక చూడలేకపోయాడు. కాళ్ళీడ్చుకుంటూ గురుప్రసాద్ గదికి వెళ్ళాడు.

గుగ్గిలం ధూపం మధ్య కపాలం... దాని ముందు ఆ మాంత్రికుడు!

"పోరడు సచ్చిపోతడు సార్. ఇడిసిపెట్టుండ్రి."

"నీ బొంత తెచ్చివ్వు. వదిలేస్తాను."

ఆ బొంత లింబాద్రి ఏళ్ళ తరబడి కుట్టినది. సైట్లలో ప్రాణాలు విడిచిన తోటివాళ్ళ డ్యూటీ డ్రెస్సులు కత్తిరించి, ముక్కకు ముక్క అతికించాడు. ఒక్కో ముక్క మీద, ఆ మనిషి పని నుంచి వచ్చి మంచం మీద వాలుతూ రోజూ అనే మాటను రంగు దారంతో కుట్టాడు. వాళ్ళ గురించి ఇంకెవరూ చెప్పరని అతని బాధ. గురుప్రసాద్‌కు ఆ మాటలు అక్కర్లేదు. అంతమంది కష్టజీవుల బలాన్ని ఆవాహన చేసుకుంటే తనకిక మృత్యువే లేదని అతని దురాశ.

లింబాద్రి బొంత తెచ్చి ఇచ్చాడు. "అండ్ల బలం లేదు సార్," అని నిజమే చెప్పాడు.

మాంత్రికుడు పకపకా నవ్వి బొంత కప్పుకున్నాడు. వేలు కోసి కపాలం మీద నెత్తురు చిలకరించాడు.

"మృతాత్మలారా! మీలో మిగిలినదంతా నాకివ్వండి!"

ఇచ్చారు...

మంత్రం అతని నాలుక మీదే ఆగిపోయింది. "కాళ్ళు గుంజుతున్నయి..." అన్నాడు, తనది కాని గొంతుతో. "నడుము లేస్తలేదు..." అంది అదే నోట మరో గొంతు. "జరసేపు పండనియ్యుండ్రి..." అని ఇంకొకటి. బొంత విసిరికొట్టాలనుకున్నాడు, చెయ్యి లేవలేదు. మోకాళ్ళు కుంగాయి, వెన్ను వంగింది... కపాలం భళ్ళున బద్దలైంది! ఎందరో మోసిన అలసట ఒక్క దేహం మీద పడితే అరవడానికైనా ఓపిక ఉంటుందా? గురుప్రసాద్ నేల మీదికి ఒరిగాడు. ఊపిరి తీసుకోవడం కూడా పెద్ద పనైపోయి, మానేశాడు.

లింబాద్రి బయటికి పరిగెత్తాడు. భూమేష్ పార వదిలేసి గట్టున కూలబడి ఉన్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి.

"మామా... నిద్రొత్తంది."

లింబాద్రికి ఏడుపు ఆగలేదు. వాణ్ణి గోడ నీడకు లాక్కొచ్చి, తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పండు బిడ్డా. ఎవ్వలు లేపరు."