క్వారీ అడుగు నుంచి ఒక మాట

"ఆ పెట్టె మీద చెయ్యేస్తే ఊరుకోను!"

ఇంజనీరు స్క్రూడ్రైవర్ పట్టుకుని గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ఎదురుగా పాత రేడియోకి అడ్డంగా చేతులు చాపి ఒకమ్మాయి నిలబడి ఉంది.

జిల్లాలో ఎక్కడ మంట లేచినా, ఏ బస్సు బోల్తా పడినా ముందు ఫోన్ ఎత్తేది ఆ అమ్మాయే. ఫైరింజన్లనూ అంబులెన్సులనూ రేడియోలో పరుగులు పెట్టించేదీ ఆమే. అందుకే అందరూ ఆమెను 'కంట్రోల్' అనే పిలుస్తారు. రేడియోలో ఉన్నంతసేపూ ఫైరింజన్ నడిపే సొంత నాన్న కూడా అంతే.

"పాతది తీసి కొత్తది పెట్టమనే నన్ను పంపారు మేడం."

"పెట్టుకోండి. దీన్ని మాత్రం తియ్యొద్దు. దీని జబ్బులన్నీ నాకు తెలుసు. మీ దానికి ఏ జబ్బుందో ఎవరికి తెలుసు?"

"కొత్తదానికి జబ్బుల్లేవండీ."

"సంబంధం మాట్లాడేటప్పుడు అందరూ అలాగే అంటారు."

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. క్యాంటీన్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు నవ్వుకుంది, అది వేరే సంగతి.

ఆ రోజు మొదలు అతను ఆమె బల్ల కింద దూరి వైర్లు లాగడం, ఆమె పైనుంచి తిట్లు కురిపించడం ఆఫీసులో అందరికీ కాలక్షేపమైంది. "కాస్త కాళ్లు తీస్తారా?" అని అతనంటే, "నా కాళ్లు ముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. మధ్యలో వచ్చింది మీరు," అనేది. అతను రాని రోజున మాత్రం కుర్చీ కింద ఏదో వెలితిగా ఉండేది.

ఆమె మొండితనానికి కారణం ఉంది. కిందటి వానాకాలం పాడుబడ్డ క్వారీలో లారీ పడితే, నాన్న ఫైరింజన్ ఆ గోతి అడుగుకు దిగింది. అంతే, రేడియోలో మాట తెగిపోయింది. ఆయన పైకి వచ్చేవరకూ ఆమె అదే కుర్చీలో కూర్చుని ఒకే పిలుపు పిలుస్తూనే ఉంది. ఆయన క్షేమంగా వచ్చారు గానీ, ఆమె గుండెలో ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోయింది. పాతది ఎక్కడ మూగబోతుందో ఇప్పుడు తెలుసు, కొత్తది ఎక్కడ మూగబోతుందో ఎవరికి తెలుసు?

ఇప్పుడు క్వారీ గట్టు మీద కొత్త రేడియో టవర్ లేచింది. పనంతా అయింది. సాయంత్రం బస్సుకి ఇంజనీరు ఇంకో జిల్లాకి వెళ్లిపోతాడు. పాతదాన్ని ఆపడమే మిగిలింది.

"క్వారీ అడుగు నుంచి ఒక్క మాట వినిపించండి. నా చేత్తో నేనే ఆపేస్తాను," అంది ఆమె.

"వినిపించకపోతే?"

"మీరు ఇక్కడే ఉండి బాగు చెయ్యాలి."

అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు తట్టలేదు. చెవులు వేడెక్కాయి. అతను ఏదో అనబోయి, రెయిన్‌కోటు తగిలించుకుని వానలోకి వెళ్లిపోయాడు.

అతను క్వారీ చేరే వేళకు ఆమె కొత్త రేడియో మైకు అందుకుంది. "ఇంజనీర్, కంట్రోల్. వినిపిస్తోందా?"

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ. అదే వాన, అదే కుర్చీ, అదే నిశ్శబ్దం. "ఆ గోతిలోకి పంపింది నేనేగా," అని గొణిగింది. పక్కనే టీ తాగుతున్న సూపర్‌వైజరమ్మ ఆమె భుజం తట్టింది.

అంతలో పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా అతని గొంతు వినిపించింది.

"హలో... హలో... ఒక్క ముక్క వినిపించడం లేదు. దీని పని అయిపోయింది."

"వినిపిస్తోందండీ! వినిపిస్తోంది!" అని అరిచింది. అతనికి వినపడితేగా!

"పోనీలే, ఒక రకంగా మంచిదే. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండొచ్చు. కంట్రోల్ గారూ, మీకెలాగూ వినపడదు కాబట్టి ధైర్యంగా చెప్పేస్తున్నా. మీరంటే నాకు ప్రాణం. మీ తిట్లు వినందే రోజు గడవడం లేదు. నన్ను పెళ్లి చేసుకుంటారా? ఓవర్."

పరీక్ష మాటలు ఆమె బల్ల దాకానే వస్తాయి. కానీ మాట పూర్తయిందని చెప్పే 'ఓవర్' వినపడితే చాలు, విన్నది విన్నట్టు అన్ని బళ్లకూ తిరిగి చెప్పాలి. అది డ్యూటీ రూలు. ఆమె వేలు దానంతటదే బటన్ నొక్కేసింది.

"కంట్రోల్ నుంచి అన్ని బళ్లకూ. క్వారీ అడుగు నుంచి సందేశం అందింది. మీరంటే నాకు ప్రాణం. మీ తిట్లు వినందే రోజు గడవడం లేదు. నన్ను పెళ్లి చేసుకుంటారా. ఓవర్."

సూపర్‌వైజరమ్మ టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తన నోటి నుంచి ఏం వచ్చిందో.

రేడియో ఊరుకుంటుందా? "అంబులెన్స్ రెండు. విన్నాం." "పోలీస్ ఐదు. విన్నాం." ఒక్కొక్కరే బుద్ధిగా జవాబిచ్చారు.

చివరికి నాన్న గొంతు. "ఫైర్ ఒకటి. విన్నాను. ఆ అబ్బాయిని కదలొద్దను. నేనే వస్తున్నా." వెనక సైరన్ మొదలైంది.

"అయ్యయ్యో, నా రేడియో వాల్యూం సున్నాకి తిరిగిపోయి ఉంది! కోటు తగిలినట్టుంది," అన్నాడు ఇంజనీరు. కాసేపటికి పీలగా, "కంట్రోల్ గారూ... ఎంతవరకు వినిపించింది?"

"మొత్తం."

"ఎవరికి?"

"జిల్లాకి."

"మీ నాన్నగారికి?"

"బయల్దేరారు."

"నేను పారిపోనా?"

"మూడువైపులా బండరాయి. నాలుగోవైపు మా నాన్న. ఎటు పోతారు?"

ఆమె గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

"కంట్రోల్, ఫైర్ ఒకటి. క్వారీ అడుగులో ఉన్నాను."

కిందటేడు ఏ గోతిలో ఆ గొంతు తెగిపోయిందో, అక్కడి నుంచే గంటలా మోగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పిల్లాడు తడిసి ముద్దయ్యాడు. వణుకుతున్నాడు, చలికో నాకో తెలీదు. నాకైతే నచ్చాడమ్మా. చెప్పాల్సింది నువ్వు. ఓవర్."

ఆమె లేచింది. పాత రేడియోని ఒకసారి నిమిరి, తన చేత్తో తనే ఆపేసింది. తర్వాత అన్ని బళ్లకూ వినపడే బటన్‌ని, ఈసారి చూసి మరీ నొక్కింది.

"కంట్రోల్ నుంచి క్వారీకి. చేసుకుంటాను. అందితే తిరిగి చెప్పండి. ఓవర్."

"చేసు..." అని ఇంజనీరు మొదలుపెట్టాడో లేదో, పక్క నుంచి నాన్న మైకు లాక్కుని చెప్పారు. "చేసుకుంటుందట! అందరూ విన్నారా?"