మూడో పియాలా

సోమవారం సంగ్‌దరా ఊళ్ళో ఎవరో తలుపు తట్టారు. మంగళవారం దానికి దిగువనున్న తుతక్‌లో. బుధవారం నవ్‌రూద్‌లో. తట్టినప్పుడల్లా అల్మరాలో గిన్నెలు గలగలమనేవి, కెటిల్లో చాయ్ తొణికేది. తజిక్ కొండల్లో తలుపు చప్పుడైతే అతిథేనని లెక్క. ప్రతి ఊళ్ళోనూ జనం తలుపు తీసి, "రండి, లోపలికి రండి" అన్నారు. గడప అవతల ఎవరూ లేరు.

గురువారం సాయంత్రం మరలో పిండి ఆడించుకొస్తున్న సద్‌బర్గ్ చెవిన ఈ కబురు పడింది. ఆమె నాన్న భూకంపాలు కొలిచే కేంద్రంలో పనిచేసేవాడు. "ఈ ఊళ్ళన్నీ భూమిలోని ఒకే బీట మీదున్నాయి తల్లీ. చిన్న కుదుపులు వరుసగా నడిచొస్తుంటే, పెద్దది వాటి వెనకే ఉంటుంది" అనేవాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఆ పెద్దదే వచ్చి, కొండ విరిగిపడి ఆయన్ని కప్పేసింది. శవం కూడా దొరకలేదు.

నవ్‌రూద్ తర్వాతిది వీళ్ళ ఊరే. జనమంతా పొలాల్లో బంగాళాదుంపలు తవ్వుతున్నారు. ఇంట్లో ఉన్నది అత్త జులైఖో ఒక్కతే.

"అత్తయ్యా, లేవండి. బయటికి పోదాం."

"ఇవాళ మన వంతు. అతిథొస్తే ఖాళీ ఇల్లు చూపిస్తావా? మీ పుట్టింట్లో ఇదే నేర్పారా?"

"అది అతిథి కాదు."

"నీకు చెప్పొచ్చిందా ఏంటి?"

సద్‌బర్గ్‌కి ఒళ్ళు మండింది. మొండితనంలో అత్తకి ఆమె ఏమీ తీసిపోదు. భోజనాల గుడ్డని రొట్టెలతో సహా చుట్టి, కెటిల్, పియాలా కప్పులు పట్టుకుని, పెరట్లో ఆప్రికాట్ చెట్టు కింద పరిచింది. మూడు పియాలాల్లో చాయ్ పోసింది.

"రొట్టె ఎక్కడుంటే అతిథి అక్కడికే వస్తాడు. మీరు ఆ ఇంట్లో కూర్చుని ఏం పెడతారో పెట్టండి!"

అత్త తిట్టుకుంటూ వచ్చింది.

ఆవిడ కూర్చుందో లేదో, ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారిగా నోళ్ళు మూశాయి. తడిమట్టి వాసన... వాన పడి నెలన్నరైంది. ఎవరూ లేని ఇంట్లోంచి, తలుపుకి లోపలివైపు నుంచి...

టక్. టక్.

...టక్.

సద్‌బర్గ్‌కి ఆ తట్టు తెలుసు. రెండు కొట్టి, ఆగి, మూడోది కొట్టడం నాన్న అలవాటు.

"తియ్యవే," అత్త గుసగుసలాడింది.

"తియ్యను." సద్‌బర్గ్ చెట్టు మొదలుని పట్టుకుంది. "నువ్వే అయినా సరే నాన్నా... తియ్యను!"

నేల లేచింది. ఇల్లు నిలువునా కూలింది.

దుమ్ము తగ్గేసరికి ఇద్దరూ చెట్టు మొదలుని కావలించుకుని ఉన్నారు. ప్రాణాలతో. సద్‌బర్గ్ ఏడుస్తూనే నవ్వింది. "చూశారా అత్తయ్యా!"

అత్త గుడ్డ వైపు వేలు చూపించింది. వాళ్ళిద్దరి పియాలాలూ ఒలికి దొర్లిపోయాయి. అతిథి కోసం పోసింది మాత్రం పెట్టిన చోటే ఉంది. ఖాళీగా. దాని చుట్టూ గుడ్డ మీద చుక్క తడి లేదు. అంచున పచ్చి ఎర్రమట్టి... పెదవి ఆనినంత మేర.

ఆ లోయలో పియాలా బోర్లిస్తే, ఇక చాలు, లేవమని అతిథికి చెప్పినట్టు. సద్‌బర్గ్ బోర్లించింది.

"తాగావుగా. ఇక వెళ్ళు."

దాని కింద నుంచి...

టక్. టక్.

సద్‌బర్గ్ అరచేత్తో పియాలాని నేలకేసి అదిమిపట్టింది. మూడోది ఇంకా పడలేదు.