స్టెఫాకి రాని భాష

బూట్లు తొడిగేదాకా టెస్సా ఒక్కచోట నిలబడదు. మూడున్నరేళ్ళ ఆ పిల్లని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, స్టెఫా మంచుకోటు గుండీలు పెడుతోంది. కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి ఉదయం. కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పేరుకుంది.

"అఁ, దూ, త్ర్వా..." గుండీలు ఫ్రెంచిలో లెక్కపెట్టింది టెస్సా.

"మనుషుల భాషలో లెక్కపెట్టవే."

"ఇదీ మనుషుల భాషే బాబా. మా డేకేర్ మదాం మనిషే కదా."

బాబా అంటే అమ్మమ్మ. ఉక్రేనియన్ ఇళ్ళల్లో అలాగే పిలుస్తారు. స్టెఫా నవ్వు ఆపుకుంటూ ఆఖరి గుండీ పెట్టింది.

ముప్ఫయ్యేళ్ళు పల్లె దారుల్లో స్కూలు బస్సు నడిపిన మనిషి ఆమె. కూతురు లరీసా ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఉత్తరాన గనిలో పనిచేస్తూ రెండు వారాలకోసారి ఇంటికొస్తాడు. మనవరాలిని చూసుకుంటానని స్టెఫా డాఫిన్ అనే ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి మరీ వచ్చింది. తీరా వచ్చాక చూస్తే, పిల్ల పొద్దున్నంతా ఫ్రెంచి డేకేర్‌లో. అక్కడికొచ్చే పిల్లల ఇళ్ళల్లో ఎవరికీ ఫ్రెంచి రాదు. అయినా గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక పాలు అడగాలన్నా ఫ్రెంచిలోనే అడగాలి.

"నేనుండగా డేకేర్ దేనికి?" అని మొదటి వారమే అడిగింది స్టెఫా.

"నువ్వు చాలవని కాదమ్మా. ఈ వయసులో భాష నీళ్ళలా దిగుతుంది," అంది లరీసా.

ఆ మాట స్టెఫాకి మింగుడు పడలేదు. పడకపోయినా రోజూ పొద్దున దింపి, పన్నెండింటికి తీసుకొస్తూనే ఉంది.

ఆరోజు మధ్యాహ్నం నిద్రలేచిన టెస్సా మూలుగుతూ దిండుకి తల రుద్దింది. ఒళ్ళు కొద్దిగా వెచ్చగా ఉంది.

"ఒరేయ్... ఒరేయ్ బోబో," అంది కళ్ళు మూసుకునే.

"ఏంటమ్మా? ఓరియో కావాలా?"

స్టెఫా పరుగున వెళ్ళి బిస్కెట్టు తెచ్చింది. పిల్ల దాన్ని విసిరికొట్టి ఇంకా గట్టిగా ఏడ్చింది. పాలిచ్చింది, ఎత్తుకు తిప్పింది, పాట పాడింది. పిల్ల అదే మాట అంటోంది. ఐదింటికి లరీసా ఇంట్లో అడుగుపెట్టేసరికి టెస్సా ఒళ్ళు కాలిపోతోంది.

"ఒరేయ్," అంది టెస్సా తల్లిని చూసి.

"చెవి!" అంటూ లరీసా బ్యాగు కింద పడేసింది. "అమ్మా, దీనికి చెవి నొప్పి."

ఒరేయ్ అంటే చెవి, బోబో అంటే నొప్పి అని డేకేర్ వాళ్ళిచ్చిన ఫ్రెంచి మాటల పట్టీలో ఉంది. ఆ పట్టీ ఫ్రిజ్ మీదే ఉంది. లరీసా రోజూ చదువుతుంది. స్టెఫా ఒక్కసారీ చూడలేదు.

డాక్టరు చెవిలో చీము పట్టిందన్నాడు, మందిచ్చాడు. ఇంటికొచ్చి టెస్సా నిద్రపోయాక స్టెఫా వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపటి నుంచి అది అక్కడికి వెళ్ళదు."

"అమ్మా..."

"నేను పెంచే పిల్ల నొప్పని చెప్తే నాకు అర్థం కాలేదే! బిస్కెట్టు పెట్టాను. మూడు గంటలు అది ఏడుస్తుంటే బిస్కెట్టు పెట్టాను. మన ఇంటికి ఇంగ్లీషు చాలు."

"నాకూ అదే చెప్పావు నువ్వు. ఇంగ్లీషు చాలని." లరీసా గొంతు పెంచలేదు. "నువ్వూ మా బాబా, అంటే మీ అమ్మా, ఉక్రేనియన్‌లో మాట్లాడుకునేవాళ్ళు. నేను రాగానే ఆపేసేవాళ్ళు. మా అమ్మకీ బాబాకీ మధ్య ఏదో ఉంది, అది నాకు లేదు అనుకుంటూ పెరిగాను."

"నీ మంచికే చేశాను."

"పక్షవాతం వచ్చాక బాబాకి ఇంగ్లీషు పోయింది. గుర్తుందా? నువ్వు మంచు తుఫానులో దారిలో ఉన్నావు. ఆమె పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని ఒకే మాట పదేపదే అంది. దాహమేమో అనుకుని నీళ్ళ కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పోయింది."

స్టెఫా తలెత్తింది. "నాకెప్పుడూ చెప్పలేదే. ఏమంది?"

"ఆరేళ్ళుగా నిన్ను అడగాలంటే భయం." లరీసా ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పలికింది. "స్యాద్ కోలో మెనె."

స్టెఫా కళ్ళలోంచి నీళ్ళు బల్ల మీద పడుతుంటే తుడుచుకోలేదు.

"తన పక్కన కూర్చోమంది," అంది. "అంతేనే. నీళ్ళడగలేదు."

లరీసా చేతుల్లో ముఖం దాచుకుంది. స్టెఫా లేచి వెళ్ళి కూతురి తలని పొట్టకి అదుముకుంది.

"ఒకటో తరగతిలో మన మాట మాట్లాడానని టీచరు నా నోరు సబ్బుతో కడిగింది," అంది. "ఆ రుచి ఇంకా తెలుస్తుంది నాకు. నీకు ఆ రుచి తెలియకూడదనుకున్నాను. నీ నోట్లోంచి మాటే తీసేశానని తట్టలేదు."

"దీని నోట్లోంచి ఏదీ తీసెయ్యద్దమ్మా. వీలైతే ఇంకోటి పెట్టు."

"పెడతాను," అంది స్టెఫా. కూతురి జుట్టు నిమురుతూ, "నీకు మాత్రం వయసైపోయిందా ఏంటి? నువ్వూ నేర్చుకో," అంది.

వారం తిరిగేసరికి టెస్సాకి నయమైంది. పిల్లని దింపడానికి వెళ్ళిన స్టెఫా ఆరోజు గుమ్మం దగ్గరే వెనుదిరగలేదు. బూట్లు విప్పి లోపలికి నడిచింది.

"మదాం, మీ భాష దానికి బాగా నేర్పండి," అంది మదాం జొస్లీన్‌తో. "ఇంట్లో మా భాష నేను మొదలుపెట్టాను. రెండూ ఎక్కితే దాని బుర్ర తికమక పడుతుందా?"

"మా నాన్న ఇంట్లో ఫ్రెంచి, పొలంలో ఇంగ్లీషు, పక్కింటివాళ్ళతో మీ భాష మాట్లాడేవాడు," అంది జొస్లీన్. "తికమకపడింది మా కుక్క ఒక్కటే. కథ చెప్పే వేళైంది. కూర్చుంటారా?"

అక్కడున్నవన్నీ జానెడు కుర్చీలు. స్టెఫా ఒకదాని మీద జాగ్రత్తగా కూర్చుంది. జొస్లీన్ బొమ్మల పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఎలుగుబంటి ఒకటి, దాని వెనక ఒక బాతు. ఎందుకు పరిగెడుతున్నాయో స్టెఫాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలంతా పకపకా నవ్వారు.

టెస్సా తన చోటునుంచి లేచొచ్చి అమ్మమ్మ ఒళ్ళోకి ఎక్కింది. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడింది.

"భయపడకు బాబా. నీకు నేను చెప్తాగా."