మిల్లులో తెల్ల దుప్పటి

ఊరి చివర మూతపడ్డ కలప మిల్లు పేరెత్తితే మగవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. రాత్రి వాన వెలిసిందంటే చాలు, కుళ్ళిన దుంగల మధ్య తెల్లగా ఏదో వంగుతుందట... లేస్తుందట... మళ్ళీ వంగుతుందట. దగ్గరికి వెళ్ళి చూసినవాళ్ళు లేరు. వెళ్ళనివాళ్ళే ఎక్కువ వివరంగా చెబుతారు.

ఆ వీధిలో బట్టలు కుట్టే కోడలికి దెయ్యంతో పేచీ లేదు. ఆమె పేచీ అత్తగారితో.

అత్తగారు వాన వెలిసిన మర్నాడు బుట్టనిండా పుట్టగొడుగులు తెచ్చి, మిరియాలు వేసి పలచగా కాచేది. జ్వరం పడి లేచినవాళ్ళ నోటికి మళ్ళీ రుచి తెలిసేది దానితోనే.

"ఎక్కడ కోస్తారత్తయ్యా? మంచివేవో, విషపువేవో ఎలా తెలుస్తుంది?" అని కోడలు పద్దెనిమిదేళ్ళు అడిగింది.

"చోటు చెబితే మర్నాటికి ఊరంతా అక్కడే ఉంటుంది. పోయేముందు చెబుతాలే."

పోయేముందు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. వారం నుంచి గంజి పోస్తే ఉమ్మేస్తోంది. బాగున్న చేత్తో గాలిలో గొడుగు గీసి చూపిస్తోంది.

"అమ్మ అడుగుతోందిగా, అదేదో కాచి పొయ్యరాదూ?" అన్నాడు భర్త, పడుకున్నచోటి నుంచే.

"తప్పుడుది కోసుకొస్తే మీ అమ్మకి అదే చివరి గుక్క."

"ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఆ మాత్రం నేర్చుకోలేదా?"

ఆమె పళ్ళు నూరుకుంది. నేర్పితే కదా!

ఆ సాయంత్రం అత్తగారికి పక్క మార్చబోయి పెట్టె తీస్తే, అడుగున తెల్ల దుప్పటి దొరికింది. అంచు నిండా రంపపు పొట్టు. లోపలివైపు వంకరటింకర చేతికుట్టుతో పెద్ద జేబు. జేబులో ఎండిన పుట్టగొడుగు కాడ.

కోడలు మంచం వైపు చూసింది. అత్తగారు గబుక్కున కళ్ళు మూసుకుంది.

ఓహో... ఊరిని జడిపించిన దెయ్యానికేనా నేను రోజూ ఒళ్ళు తుడుస్తున్నది!

ఆ రాత్రి వాన వెలిసింది. ఎండెక్కితే పుట్టగొడుగులు నీరుగారిపోతాయి. బుట్ట, టార్చి తీసుకుని బయల్దేరింది. భయమెందుకు? దెయ్యం ఇంట్లో మంచం మీద ఉందాయె.

మిల్లు తలుపు రేకు పక్కకి జరిపింది. కప్పు నుంచి చుక్క... చుక్క... టార్చి ముందుకు తిప్పింది—

దుంగల మధ్య తెల్లగా ఒకటి వంగింది. లేచింది... మళ్ళీ వంగింది.

దెయ్యం ఇంట్లో ఉంటే... మరి ఇదెవరు?

అది ఇటు తిరిగింది. ముఖం లేదు, ముసుగే. ఒక్కో అడుగే దగ్గరికి... ఆమె వెనక్కి జరగబోతే, టార్చి వెలుగు దాని అంచు మీద పడింది.

రెండు వరసల కుట్టు. మూల తిరిగేచోట మూడు పోట్లు ఎక్కువ.

ఆ కుట్టు తనదే! పాతది చిరిగిందని పోయినేడు వెనకవీధి మంత్రసాని కిటికీకి పరదా కుట్టించుకుంది. లోపల జేబు పెట్టమంది. పరదాకి జేబెందుకని అప్పుడే అడగాల్సింది.

"పిన్నీ...?"

"నువ్వా! చచ్చి బతికానే!" మంత్రసాని ముసుగు లాగేసింది. "రెండు వానల నుంచి ఆ రెండో దెయ్యం రావట్లేదు కదాని ధైర్యంగా వచ్చాను."

"ఆ రెండోది మా అత్తయ్య."

"అయ్యో! దాన్ని చూసి ముప్ఫై ఏళ్ళు ఈ మిల్లు బావి వైపే వెళ్ళలేదమ్మాయ్!"

కోడలు బుట్ట చాపింది. "పోనీ, తినేవి ఏవో చూపించు."

"అవి నాకు తెలీవు. నాకు తెలిసింది ఇదొక్కటే." జేబులోంచి గుండ్రటి ఎండు పుట్టగొడుగు తీసి నొక్కింది. మట్టిరంగు పొడి పొగలా లేచింది. "తెగినచోట అద్దితే రక్తం కడుతుంది. మా అమ్మ చెప్పింది. తినేవి మీ అత్తకే తెలియాలి."

"ఆమెకి నోరు పడిపోయింది కదా పిన్నీ!" కోడలి అరుపుకి రేకులు మోగాయి. "ఒకరికి తిండి తెలుసు, ఒకరికి మందు తెలుసు. దుప్పట్లు కప్పుకుని ఒకరినొకరు జడిపించుకున్నారు గానీ, నోరున్నన్నాళ్ళూ ఒక్క మాట చెప్పుకోలేదు!"

చివరికి కనిపించిన రకమల్లా కోసుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. మంత్రసాని దుప్పటి తీయడం మరిచిపోయింది. భర్త మంచం మీంచి దొర్లిపడ్డాడు. వారంలో ఆయన కదిలింది అప్పుడే.

అత్తగారు మాత్రం ఆ దుప్పటినీ, అందులోని ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. పెదవి వంకర తిరిగింది.

"ను...వ్వా!"

వారానికి మొదటి మాట. అదీ తిట్టులాగే.

తర్వాత బుట్ట లాక్కుని ఒక్కొక్కటే విసిరికొట్టింది. మూడు మిగిలాయి. కోడలి వేలు పట్టుకుని, వాటిలో ఒకదాని గొడుగు కింద ఆనించి, గట్టిగా నొక్కింది. ఇదే గుర్తు, అన్నట్టు.

పద్దెనిమిదేళ్ళకి తొలి పాఠం!

పొయ్యి వెలిగిస్తుంటే మంత్రసాని గుసగుసగా అడిగింది.

"అమ్మాయ్... మిల్లులో రంపపు పొట్టు గుట్ట వెనక తిరిగే మూడోదెవరే?"

అత్తగారు తనకీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కోడలు కుట్టిన జేబు పరదా మంత్రసానిది ఒక్కటే.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు...

"ఎవరైతే నాకేం," అంది కోడలు, పుల్ల విరిచి పొయ్యిలో పెడుతూ. "వచ్చే వానకి వెళ్ళి దాన్నీ అడుగుతాను, దానికేం తెలుసో."