పంతొమ్మిదో పలక

ఆ గదికి చెక్క నేల వేద్దామన్నది నేనే. అక్క వద్దంది. బావ నవ్వాడు. కాబట్టి తర్వాత జరిగినదంతా నా నెత్తినే వేసుకోవాలి.

అక్కా బావా కొన్న పాత ఇంట్లో కిటికీ రెక్కలు సరిగా మూసుకునేవి కావు, వంటింటి కప్పు రెండు చోట్ల కారేది. వాటన్నిటితోనూ సర్దుకున్నాం. చివరి గది నేలతోనే గొడవంతా. మండు వేసవిలో కూడా చెమ్మగా, ఐసుగడ్డలా ఉండే సిమెంటు నేల. ఆ గది అక్క కూతురిది. నాలుగేళ్ళ పిల్ల. అసలు పేరుతో పిలిస్తే తిరిగి కూడా చూడదు, పిడుగూ అంటేనే పలుకుతుంది. రెండు వానాకాలాలుగా దానికి ఆయాసం. చల్లటి నేల మీద తిరగనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. వద్దంటే ఆగే పిల్లా అది?

కొత్త చెక్క నేలకి ఎంతవుతుందో విని బావ కలప షాపు మెట్ల మీదే కూలబడ్డాడు. కూల్చేసిన ఇళ్ళ నుంచి తీసిన పలకలు చవగ్గా దొరుకుతాయని, నేనే వేస్తానని అన్నాను. ఫోన్లో వీడియోలు చూసి అప్పటికే రెండు తలుపులు బాగుచేశాను, ఒక బల్లని పాడుచేశాను.

"ఇంజనీరమ్మగారూ, మీ నేల మీద గోళీ వదిలితే గదిలోనే ఆగుతుందా, పక్కింటికి పోతుందా?" అన్నాడు బావ.

"పోతే నువ్వెళ్ళి తెచ్చుకో బావా."

పాత కలప అమ్మే ముసలాయన గోదాము వెనక నుంచి ఒక కట్ట లాగాడు. గట్టి చెక్క. ఐదంగుళాల వెడల్పు, పొడవు సరిగ్గా మా గదికి సరిపోయేంత. అంత మంచి సరుకు అంత చవగ్గా ఎందుకిస్తున్నాడా అని అప్పుడే అనుమానం వచ్చింది. బండికెత్తించాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"వెనక నంబర్లుంటాయి. వాటిని పట్టించుకోకు. ఎలా పడితే అలా కలిపేసి వేసుకో."

"ఎందుకు తాతా?"

"వేసుకోమ్మా."

ఇంటికొచ్చి విప్పాను. ప్రతి పలక వెనకా పెన్సిలుతో అంకె. ఒకటి నుంచి ముప్ఫై దాకా... పంతొమ్మిది మాత్రం లేదు. ఓహో, ఇదన్నమాట సంగతి, ఒకటి తక్కువిచ్చి నంబర్లు చూడొద్దంటున్నాడు అనుకున్నాను. ఎంత తెలివి నాది! నంబర్ల ప్రకారమే వేశాను. ఆయన మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.

వరసలో వేసేసరికి పలకలు పుట్టినప్పటి నుంచీ కలిసున్నట్టు అతుక్కున్నాయి. అప్పుడు కనిపించింది. గుమ్మం దగ్గరి ఒకటో పలక నుంచి పద్దెనిమిది దాకా, నట్టనడుమ, జానెడు వెడల్పున చెక్క అరిగిపోయి ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి ఒకే దారిలో నడిచినట్టు. ఎడమవైపు పొడుగ్గా ఒక గీత. ఆ మనిషి ఎడమ కాలు ఈడ్చేదేమో.

ఇరవై నుంచి ముప్ఫై దాకా మాత్రం పలకలు కొత్తవాటిలా ఉన్నాయి. ఆ అరుగుదల జాడే లేదు. బాగున్న వైపు కదా అని పిడుగు మంచం అటే వేశాం, కిటికీ కింద. పంతొమ్మిదో చోట ఉన్న ఖాళీకి అటక మీది పాత చెక్క కోసి, నాలుగు స్క్రూలతో బిగించేశాను. పైన వార్నిష్ పూశాను. నేల మెరిసిపోయింది. పిడుగు చెప్పులిప్పేసి ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు పెట్టింది.

"నిజంగానే నీకు పని తెలుసే!" అంది అక్క. ఆ మాటకి వారం రోజులు గాల్లో తేలాను.

వారం తర్వాత ఇరవయ్యో పలక మీద వార్నిష్ పోయి కనిపించింది. నడిమధ్య, జానెడు మేర. ఎడమవైపు చిన్న గీత.

"బావా, బూట్లతో వచ్చావా గదిలోకి?"

"నీ నేల మీదకి బూట్లతోనా? నాకు ప్రాణం మీద తీపి ఉందమ్మా."

నమ్మలేదు. మర్నాడు ఇరవై ఒకటి. తర్వాత ఇరవై రెండు. అక్కే మంచం ఈడుస్తోందనుకున్నాను. నాసిరకం వార్నిష్ అంటగట్టాడని షాపువాణ్ణి తిట్టుకున్నాను. చివరికి పిడుగుని కూడా నిలదీశాను. అది నా వంక చూసి, "నేను పరిగెడతాను కదా పిన్నీ. కాలు ఈడ్చను," అంది.

ఎలాగైనా దొంగని పట్టుకోవాలని రంపపు పొట్టు జల్లెడపట్టి ఆ చివరంతా పల్చగా చల్లాను. గదికి తాళం వేశాను. సాయంత్రం తీసి చూస్తే పొట్టు చెక్కుచెదరలేదు. చల్లింది చల్లినట్టే ఉంది. హమ్మయ్య అనుకుని చీపురుతో ఊడ్చాను.

దాని కింద ఇరవై మూడో పలక అరిగిపోయి ఉంది.

ఆ రోజు నుంచి పిడుగుని అక్క పక్కలోనే పడుకోబెట్టమన్నాను. వార్నిష్ వాసన దాని ఆయాసానికి పడదని సాకు చెప్పాను.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, అంగడి నుంచి వానలో తడుస్తూ వచ్చాను. కరెంటు లేదు. ఇల్లంతా మసకమసకగా ఉంది. పిడుగు గది తలుపు తీస్తే తడి సున్నం వాసన. అరుగుదల ఇరవై ఆరుకి చేరింది. ఇంకొక్క పలక దాటితే మంచం. గుమ్మంలో నిలబడే ముసలాయనకి ఫోన్ చేశాను.

"పంతొమ్మిదో పలక ఏం చేశారు తాతా?"



"నా దగ్గర లేదమ్మా. ఆ ఇంట్లోనే లేదు. అక్కడ ఖాళీ వదిలేసుకున్నారు. ఇంటిల్లిపాదీ దాన్ని దాటుకునే తిరిగేవాళ్ళట." ఆగాడు. "నంబర్ల ప్రకారం వేశావా?"

"వేశాను."

"ఆ ఖాళీ... పూడ్చలేదు కదా?"

ఫోన్ పెట్టేసి స్క్రూడ్రైవరు తెచ్చాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో స్క్రూ తుప్పు పట్టినట్టు మొరాయించింది. బలమంతా పెట్టి తిప్పి, పలక పైకెత్తి, గుమ్మం బయటికి విసిరేశాను. ఐదంగుళాల నల్లటి సందు. అంతే. ఊపిరి పీల్చుకున్నాను.

"మెల్లగా చెయ్యవే..." అక్క గుమ్మంలోకొచ్చి గుసగుసగా అంది. "పిడుగు లేస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని బడి నుంచి తీసుకొచ్చేశాను. తన మంచమే కావాలని ఏడిస్తే ఇక్కడే పడుకోబెట్టా."

మంచం మీద ఉన్నవి మడతపెట్టని దుప్పట్లనుకున్నాను.

అవి ఊపిరి తీస్తున్నాయి.

అప్పుడు వినిపించింది... టక్... సర్ర్... టక్... సర్ర్...

ఇటువైపు కాదు. సందుకి అటువైపు.

మంచం దాకా వెళ్ళింది. ఆగింది. వెనక్కి తిరిగింది. టక్... సర్ర్... సందు అంచు దాకా వచ్చి, నా ఎదురుగా ఆగింది. ఎవరూ లేరు. తడి సున్నం వాసన మాత్రం ముక్కు బద్దలయ్యేట్టు...

నాకప్పటికి అర్థమైంది. అది ఎప్పుడో దాటేసింది. నేను తీసింది తిరిగివెళ్ళే దారిని.

"ఏంటే ఆ చప్పుడు?" అంది అక్క.

ఏమీ ఆలోచించలేదు. దూకాను. దుప్పటితో సహా పిడుగుని ఎత్తి గుండెలకి హత్తుకున్నాను. వెనక్కి తిరిగి మళ్ళీ దూకాను. సందు మీద గాల్లో ఉన్నప్పుడు, ఆ అరక్షణం, వీపు మీద ఏదో చల్లగా బరువుగా పడింది. వానకి తడిసిన బట్టలు కదా, అనుకున్నాను. ఇంకేమనుకోను?

పిడుగు నిద్రకళ్ళతో నా చెవిలో అడిగింది.

"పిన్నీ... ఇద్దర్నీ ఎత్తుకున్నావా?"

తర్వాత ఆ నేలంతా ఊడదీశాను. ఈసారి ముసలాయన చెప్పినట్టే నంబర్లు కలిపేసి వేశాను. ఒక్క పలక తక్కువ కదా, ఆ ఖాళీని గుమ్మం దగ్గరే, మొట్టమొదటే వదిలేశాను.

"ఇదేం డిజైను?" అన్నాడు బావ.

"చెక్క వానకి ఉబ్బుతుంది బావా. సందు వదలాలి," అన్నాను. అబద్ధమేం కాదు. పూర్తి నిజమూ కాదు.

రెండు నెలలైంది. నేల ఎక్కడా అరగలేదు. పిడుగుకి ఆయాసం తగ్గింది. సందు మీంచి కప్పలా గెంతుతూ తిరుగుతోంది. ఎవరూ నడవని చోట అడుగుల చప్పుడు మళ్ళీ వినలేదు.

నా కొత్త చెప్పుల్లో ఎడమది మాత్రం మూడు వారాలకే అరిగిపోయింది. "మెట్ల మీద కాలు ఈడుస్తావేం?" అని అక్క రోజూ కసురుతోంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి కాలికేం లేదంది.

అందుకే నేనా గదిలోకి వెళ్ళను. సందుకి ఇవతలే కూర్చుని పిడుగుకి కథలు చెప్తాను. లోపలికి రమ్మని చెయ్యి పట్టి లాగుతుంది. రాకపోతే అలుగుతుంది. పిన్నికి మోకాలి నొప్పంటాను.

నిన్న సాయంత్రం కథ చెబుదామని వెళ్ళేసరికి, సందు మీద తన బొమ్మల పుస్తకం అడ్డంగా పరిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"వంతెన కట్టాను. ఇప్పుడు రావచ్చు."

"ఎవరు చెప్పారే నీకిలా చెయ్యమని?"

పిడుగు నా మొహం వంక చూడలేదు. నా భుజం మీదుగా, కొంచెం పైకి చూసింది.

"ఇప్పుడేగా చెప్పింది," అంది.

వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. తల దించుకున్నాను.

నా ఎడమ కాలు అప్పటికే పుస్తకం మీద ఉంది.